మా ఒడీల్ బావకు అన్నీ రెండే

మా ఒడీల్ బావకు దేవుడి మీద ఎంత నమ్మకమో నాకు తెలియదు కానీ, ఒక్క మాట మీద మాత్రం గట్టి నమ్మకం. ఏ వస్తువైనా సరే, ఒకటుంటే లేనట్టే, రెండుంటే ఒకటున్నట్టు. అందుకని ఆయనకు గొడుగులు రెండు, కళ్లజోళ్లు రెండు, టోపీలు రెండు, ఎడమ చేతికి ఒకటి కుడి చేతికి ఒకటి గడియారాలు రెండు. ఆ రెండు గడియారాలూ ఒకే టైము చూపించగా నేనెన్నడూ చూడలేదు. "టైమెంతయింది బావా?" అని అడిగితే, "ఏ చేతిది చెప్పమంటావ్ మరదలా?" అంటాడు.

ఈ తెగులు పుట్టుకతో వచ్చింది కాదు, వృత్తితో వచ్చింది. బావ సైక్లోక్రాస్ పందేల్లో మెకానిక్కు. మా ఫ్లాండర్స్‌లో చలికాలం వచ్చిందంటే ఆదివారం చర్చికి వెళ్లనివాళ్లు కూడా ఆ బురద పందేలకు వెళతారు. దున్నిన పొలాల్లో, ఇసుకలో, మెట్ల మీద, సైకిలెక్కి కాసేపు, సైకిల్ని భుజాన వేసుకుని కాసేపు, గంటసేపు పరుగు. సగం చుట్టు తిరిగేసరికి సైకిలు కంటే దానికి పట్టిన బురదే బరువవుతుంది. అప్పుడు మెకానిక్కు కడిగి తుడిచిన రెండో సైకిలు పట్టుకుని నిలబడి "మార్చు!" అని అరుస్తాడు. పందెగాడు ఇది వదిలేసి అది ఎక్కి పోతాడు. మెకానిక్కు ఆ బురదముద్దని లాక్కెళ్లి నీళ్లపైపు కింద కడిగి, మళ్లీ వచ్చి నిలబడతాడు. బావ ముప్పై చలికాలాలు అలా నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు రెండోదాన్ని పట్టుకుని నిలబడినవాడికి లోకంలో మొదటిది కనబడడం మానేసింది.

మా అక్క మార్లీన్‌ని పెళ్లాడిన రోజున ఫాదర్ గారు ఉంగరం తొడగమన్నారు. బావ కుడి జేబులోంచి ఒకటి తీసి అక్క వేలికి తొడిగాడు. తాడు పేనినట్టు మెలిక తిరిగిన సన్నటి ఉంగరం. మేమంతా చప్పట్లు కొట్టబోతుంటే ఎడమ జేబులోంచి అచ్చం అలాంటిదే ఇంకోటి తీశాడు.

"ఇదేంటి నాయనా?" అన్నారు ఫాదర్ గారు.

"మొదటిది జారిపోతే ఉంటుందని అండీ."

"మరి పెళ్లికూతురే జారిపోతేనో?" అంది వెనక బల్ల మీదనుంచి మా మేనత్త.

బావ క్షణం ఆలోచించి నావైపు చూశాడు. నేను అక్క పక్కనే, అదే రంగు గౌనులో, పూలు పట్టుకుని నిలబడి ఉన్నాను. చర్చి చర్చంతా నవ్వింది. మా అక్క మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ల వరకూ నవ్వలేదు.

ఆ రెండో ఉంగరం ఇరవై ఏళ్లు బీరువాలో భద్రంగా ఉండి, కొన్నేళ్ల కిందట మాయమైపోయింది.

"ఏమయ్యా, నా రెండో ఉంగరం ఏది?" అని అడిగింది అక్క.

"ఎక్కడో పడిపోయుంటుందే."

"బీరువాలో ఉన్నది ఎక్కడికి పడిపోతుంది? బీరువాకేమన్నా కాళ్లొచ్చాయా?"

"మొదటిది నీ వేలికే ఉందిగా," అన్నాడు బావ. అన్నేళ్లలో ఆయన నోట మొదటిదాని ప్రస్తావన రావడం అదే మొదటిసారి. అక్కకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే బావ రెండోవి పోగొట్టుకోవడం మాకు కొత్త కాదు. రెండో గొడుగు పోతుంది. రెండో టోపీ పోతుంది. చలికాలం మొదట్లో కొన్న రెండో కోటు క్రిస్మస్ చూడదు. అక్క తిడుతూనే ఉంటుంది, బావ మళ్లీ కొంటూనే ఉంటాడు.

ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఆ రెండోది ఎప్పుడూ ఆయనకు సరిపోదు. బావ మనిషి పొట్టి, గుండ్రటివాడు. ఆయన కొన్న రెండో కోటు ఒకసారి మోకాళ్లు దాటి పోతుంది, ఇంకోసారి భుజాల దగ్గరే ఆగిపోతుంది. రెండో జత బూట్లలో ఒకసారి నా కాలే పట్టలేదు. కిందటి చలికాలం కొన్న రెండో గ్లౌజులైతే వేసుకుంటే ఆయన వేళ్లు సగంలోనే ఆగిపోయి, మిగతా సగం గాలికి ఊగేది.

"బజారుకు పోయేటప్పుడు నీ ఒళ్లు ఇంట్లో పెట్టి వెళతావా?" అని అక్క అరిచేది.

"తొందరలో కొన్నానే."

"తొందరలో కొన్నవాడివి మొదటిది సరిగ్గా ఎలా కొన్నావ్?"

బావ కళ్లజోడు తీసి, రెండోది పెట్టుకుని, అది తన చూపుకు పనికిరాక, మళ్లీ మొదటిది పెట్టుకునేవాడు.

మా ఊళ్లో కాకిమిట్ట అనే ఏటవాలు మిట్ట కింద నాకు ఒక కెఫే ఉంది. బావ వస్తూనే "రోజెట్టూ, రెండు బీర్లు" అంటాడు. ఒకటి తాగుతాడు. రెండోది ముందు పెట్టుకుని కూర్చుంటాడు. చివరికి పక్కన ఎవడు కూర్చుంటే వాడు దాన్ని తాగేస్తాడు. పాపం మా బావ కళ్లెదుటి బీరు కూడా కాపాడుకోలేడని నేను జాలిపడుతూ ఉండేదాన్ని.

ఇక లోవీ సంగతి. మా ఎదుటి రొట్టెల షాపు వాళ్లబ్బాయి. ఇరవై నాలుగేళ్లు, కొంగకాళ్లు, బురదలో దిగితే మాత్రం బర్రెకంటే హాయిగా ఉంటాడు. ఆరు చలికాలాలుగా బావే అతని మెకానిక్కు. లోవీకి సైకిళ్లు రెండు. కానీ బావ వ్యానులో మూడోది కూడా ఉండేది. "ఆ రెండింటికీ కలిపి ఒక రెండోది ఉండద్దూ?" అనేవాడు. ఒకసారి లోవీ రెండు సైకిళ్లూ ఒకే గుంటలో విరిగితే ఆ మూడోది ఎక్కాల్సి వచ్చింది. సీటు నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ. పాపం పిల్లవాడు తాటిచెట్టెక్కినట్టు ఎక్కి, పెడలు అందక, నడుము అటూ ఇటూ తిప్పుతూ పందెం ముగించాడు.

"బాబాయ్, ఆ సీటు ఎవరికోసం పెట్టావ్? జిరాఫీకా?" అని అడిగాడు దిగి.

"రేపు దించుతాలేరా," అన్నాడు బావ. దించలేదు.

లోవీ కాళ్ల బలం చూసి ఒక రోడ్డు పందేల టీము అతన్ని పిలిచింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మా రాళ్ల రోడ్ల మీద, మా మిట్టల మీద జరిగే పెద్ద పందేలకు తీసుకుంటామన్నారు. ఏప్రిల్ మొదటి ఆదివారం జరిగే పందెంలో ముందు గుంపుతో వస్తే ఏడాదంతా ఉంచుకుంటారు. రాకపోతే మళ్లీ బురదలోకి, ఇంక పిలుపుండదు. మా ఊళ్లో రొట్టె కొనేవాడు కూడా అదే మాట్లాడాడు. లోవీ ఒకే షరతు పెట్టాడు. "ఒడీల్ బాబాయ్ కూడా వస్తాడు."

టీము మేనేజరు వాన్‌హెక గారు. పెద్దమనిషి, పెద్ద పొట్ట, చిన్న ఓపిక. మొదటి రోజే బావని టీము బస్సు ఎక్కించి అంతా చూపించారు. పడకలు, స్నానాల గది, కాఫీ మిషను.

"బాగుందండీ," అన్నాడు బావ. "రెండో బస్సు ఎక్కడుంది?"

"రెండో బస్సేంటి?"

"ఇది చెడిపోతే?"

"చెడిపోదు."

"అదేనండీ, చెడిపోతే?"

"మీరు ప్రతిదానికీ ఇలాగే అడుగుతారా?"

"లేదండీ, రెండుసార్లు అడుగుతాను," అన్నాడు బావ.

లోవీకి కూడా రోడ్డు కొత్తే. రోడ్డు పందెం ఆరు గంటలు సాగుతుందని అతనికి తెలుసు, అతని కడుపుకు తెలియదు. మొదటి పందెంలో సరిగ్గా గంట గడవగానే వేడి బఠాణీ సూపు కోసం చుట్టూ చూశాడట. టీములో అతనికి తోడు ఒక్కడే, టిమోన్ అని పోలండ్ కుర్రాడు. ఆజానుబాహువు, మాట తక్కువ. అతనూ ఒకప్పుడు మా బురదలో ఈదినవాడే. "భయపడకు. రెండో గంటకి కడుపు ఊరుకుంటుంది," అని అతనే ధైర్యం చెప్పాడట.

బావకేమో చేతులకు పనిలేక పిచ్చెక్కిపోయింది. సైకిళ్లు సాయంత్రానికి కూడా అద్దాల్లా మెరుస్తూ వచ్చేవి. "కడుగుదామంటే ఏముంది వీటికి? ముఖం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు," అని నా దగ్గర మొత్తుకునేవాడు. రెండో సైకిళ్లన్నీ కారు నెత్తిన కట్టి ఉంటాయి, ఎవరి చేతుల్లోనూ ఉండవు. అది ఆయనకు మహాపాపంలా తోచింది.

పెద్ద పందేనికి ముందు బుధవారం ఒక చిన్న పందెం. వాన్‌హెక గారు బావకు కాకిమిట్ట కొసన నిలబడే పని ఇచ్చారు. రెండు చక్రాలు, ఒక నీళ్ల సీసా పట్టుకోవాలి. ఎవరికైనా టైరు పగిలితే చక్రం ఇవ్వాలి. అంతే.

బావ చక్రాలు తీసుకెళ్లాడు, సీసా తీసుకెళ్లాడు. వాటితోపాటు లోవీ బురద సైకిలు కూడా తీసుకెళ్లాడు. "చేతిలో ఉంటే తప్పేముంది?" అన్నాడు. మా కెఫేలోని లోవీ అభిమాన సంఘమంతా ఆయన చుట్టూ నిలబడ్డాం. ఎండ కాస్తోంది, రోడ్డు పొడిగా ఉంది. అయిదుగురు ముందు గుంపుగా మిట్టెక్కుతున్నారు, వాళ్లలో మా లోవీ. ముఖంలో అలుపే లేదు. మేం గొంతులు చించుకుంటున్నాం.

బావ లోవీని చూశాడు. చేతిలో సైకిలుంది. ముప్పై ఏళ్ల అలవాటు నోట్లోంచి తన్నుకొచ్చింది.

"మార్చు!"

లోవీ ఆరేళ్ల అలవాటు అంతకంటే వేగంగా లేచింది. ఎగిరి దిగాడు, బంగారంలాంటి సైకిల్ని పక్కకు వదిలాడు, బురద సైకిలు అందుకుని మూడంగల్లో ఎక్కి పోయాడు. అబ్బ, ఏం మార్పిడి! కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. మేం చప్పట్లే చప్పట్లు. "ఇలాంటి మార్పిడి ఈ చలికాలమంతా చూడలేదు!" అని ఒకరి వీపు ఒకరం చరుచుకున్నాం.

పక్కన ఎవరో బయటి ఊరాయన మెల్లిగా అడిగాడు. "ఆ సైకిలుకి ఏమయింది?"

మేం సైకిలు వైపు చూశాం. శుభ్రంగా ఉంది. బావ చక్రం తిప్పి చూశాడు. చక్కగా తిరిగింది.

"ఏం కాలేదు," అన్నాడు బావ. ఆ మాట అంటూండగానే ఆయన ముఖం పాలిపోయింది.

బురద సైకిలు గేర్లు పొలాల కోసం పెట్టినవి. చదును రోడ్డెక్కాక లోవీ కాళ్లు కుట్టుమిషనులా తిరిగాయి కానీ సైకిలు కదిలితేనా? మిగతా నలుగురూ చూస్తుండగానే మాయమయ్యారు. వెనక గుంపు వచ్చి మింగేసింది. ఆఖరికి మావాడు ఎన్నోవాడుగా వచ్చాడో లెక్కపెట్టడం మా ఇంటావంటా లేదు.

వాన్‌హెక గారు మర్నాడు నా కెఫేలోనే పంచాయతీ పెట్టారు.

"టైరు పగిలిందా?"

"లేదండీ," అన్నాడు లోవీ.

"గొలుసు తెగిందా?"

"లేదండీ."

"మరి ఎందుకు దిగావయ్యా?"

"ఒడీల్ బాబాయ్ చేతిలో సైకిలుంది."

"ఉంటే?"

లోవీకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నిజం చెప్పొద్దూ, మాకూ కాలేదు. వాన్‌హెక గారు మా ముఖాలన్నీ ఒకసారి చూసి, ఊరు ఊరంతా ఇంతే అని తేల్చుకున్నట్టున్నారు. బావ వైపు తిరిగారు.

"ఆదివారం మీరు పనిలో ఉండరు. చూడ్డానికి రావచ్చు. కానీ మీ చేతిలో ఏదీ ఉండకూడదు. సైకిలు కాదు, చక్రం కాదు, చివరికి గొడుగు కూడా కాదు. అర్థమైందా? ఈ అబ్బాయికి మిగిలింది ఒక్క పందెం. దాన్ని కూడా మార్చేయకండి."

బావ తలూపాడు. వాళ్లు వెళ్లిపోయాక వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"రోజెట్టూ, ఒక బీరు."

పేకాడుతున్నవాళ్లు ముక్కలు కింద పెట్టారు.

"ఎన్ని బావా?"

"ఒకటి."

అక్కకు ఫోన్ చేశాను. "నిన్నటినుంచీ ఒక్క గడియారమే పెట్టుకుంటున్నాడే," అంది అక్క ఏడుపు గొంతుతో. "టైము కూడా సరిగ్గా చెప్తున్నాడు. నాకు భయంగా ఉంది." మా బావని ఎన్నిసార్లు ఎగతాళి చేసుంటానో లెక్కలేదు. ఆ ఒంటి గ్లాసు ముందు ఆయన్ని చూస్తే మాత్రం ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు.

ఆదివారం ఆకాశానికి చిల్లు పడింది. పొలాల మన్నంతా కొట్టుకొచ్చి కాకిమిట్ట రాళ్ల మీద వెన్నలా పరుచుకుంది. మిట్ట కొసన బావ మా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. చేతులు రెండూ కోటు జేబుల్లో. ఎందుకైనా మంచిదని కుడి చెయ్యి అక్క పట్టుకుంది, ఎడమ చెయ్యి నేను పట్టుకున్నాను. చూసేవాళ్లు ఖైదీని తీసుకొచ్చారనుకునుంటారు.

గుంపు వచ్చింది. లోవీ ఇరవైమంది వెనక ఎక్కడో ఇరుక్కుని ఉన్నాడు. సరిగ్గా మిట్ట నడుము దగ్గర ముందున్న ఒకాయన చక్రం జారి అడ్డంగా పడ్డాడు. అతని మీద ఇంకొకడు, వాడి మీద మరొకడు. రోడ్డంతా మూసుకుపోయింది. మహా మహా రోడ్డు వీరులంతా సైకిళ్లు దిగి, ఆ జారుడు బూట్లతో, బాతుల్లా అడుగులేస్తూ నడవడం మొదలుపెట్టారు.

లోవీ వాళ్లు పడకముందే దిగాడు. సైకిలు భుజాన వేసుకున్నాడు. రోడ్డు వదిలేసి పక్కనున్న మురుగు కాలవలోకి దూకి, దురదగొండి మొక్కల్ని తొక్కుకుంటూ పరుగో పరుగు! అతని వెనకే ఇంకొకడు, సైకిలు భుజాన వేసుకుని, తాటిచెట్టంత మనిషి. టిమోన్. మా సంఘం మొత్తం వెర్రెత్తిపోయింది. "అది మనవాడి ఇల్లు! ఇంట్లో పరిగెడుతున్నాడు!" అని అరుస్తున్నాం.

మిట్ట కొసకు వచ్చేసరికి లోవీ ముందు ముగ్గురే ఉన్నారు. మా ఎదురుగా సైకిలు దించి ఎక్కాడు. పెడలు తొక్కాడు. ఫట్ మంది. కింద ఎవడి సైకిలు తగిలిందో ఏమో, వెనక గేరు వంగి చక్రంలో ఇరుక్కుపోయింది. చక్రం తిరగదు. టీము కారు చూద్దామా, ఆ పడినవాళ్ల వెనక ఎక్కడో హారను కొడుతోంది.

లోవీ తలెత్తి బావ వైపు చూశాడు. ఆరేళ్లుగా ఎప్పుడు చూసినా అక్కడ ఒక సైకిలుండేది.

బావ చేతులు మా ఇద్దర్నీ విదిలించుకుని జేబుల్లోంచి బయటికొచ్చాయి. ముందుకు చాచాడు. హ్యాండిలు పట్టుకున్నట్టు ఒక చెయ్యి, సీటు పట్టుకున్నట్టు ఒక చెయ్యి. మధ్యలో ఏమీ లేదు. వాన పడుతోంది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు మా బావలాగే, కాకపోతే పోలండ్ యాసలో అరిచింది.

"మార్చు!"

టిమోన్ దిగి తన సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి సీటు మీద, అచ్చం బావ నిలబడ్డట్టే. టీములోవాడు ఇస్తే తీసుకోవడం రోడ్డు పందెంలో న్యాయమే. లోవీ ఆలోచించలేదు. ఇది వదిలాడు, అది ఎక్కాడు, పోయాడు.

టిమోన్ విరిగిన సైకిలుతో వానలో నిలబడిపోయాడు. అతని పందెం అయిపోయింది. బావ పరుగున వెళ్లి, ఆ విరిగిన సైకిలు లాక్కుని, పక్కనున్న రైతు ఇంటి కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్లి కడగడం మొదలుపెట్టాడు. ఎందుకని అడగకండి. కడిగి వచ్చి, జేబులోంచి గ్లౌజులు తీసి టిమోన్ చేతులకు తొడిగాడు. ఆ వేళ్లు ఊగే గ్లౌజులే. టిమోన్ చేతులకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. నేను అక్క వైపు చూశాను. అక్క నావైపు చూసింది.

అందరం కెఫేకి పరిగెత్తి టీవీ ముందు పడ్డాం. ఆఖరి మలుపులో లోవీ ఉన్నాడు, నడుము అటూ ఇటూ తిప్పుతూ టిమోన్ ఎత్తుకు పెట్టిన ఆ సీటు మీద. రెండోవాడుగా గీత దాటాడు. కెఫే పైకప్పు లేచిపోయింది.

"అయ్యో, వెంట్రుకవాసిలో మొదటిది పోయింది," అన్నారెవరో.

"రెండోదే మంచిదిరా," అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ. "మొదటివాడికేమైనా అయితే మనవాడు సిద్ధంగా ఉంటాడు."

సాయంత్రం లోవీ, వాన్‌హెక గారు, టిమోన్, అతని భార్య కింగా అంతా నా కెఫేలో చేరారు. లోవీ సూపు తాగుతూ అన్నాడు. "టిమోనూ, నీ సీటెక్కగానే అది ఎక్కడో తెలిసిన ఎత్తులాగే అనిపించింది. ముందోసారి ఎక్కాను కాబట్టి సరిపోయింది, లేకపోతే పడేవాణ్ణి."

"తెలియకేం?" అన్నాడు టిమోన్. "నీ బాబాయ్ వ్యానులో మూడోది నాదే. నేను ఈ దేశానికి ఒక్క సైకిలుతో వచ్చాను. సగం చుట్టుకే బురదతో ఆగిపోయేవాణ్ణి. నేనెవరో కూడా తెలియదు, పక్కనుంచి ఈయన 'మార్చు' అని అరిచాడు. చూస్తే సీటు నా ఎత్తుకే పెట్టుంది. రెండు చలికాలాలు దానిమీదే తొక్కాను. నేను వెళ్లాక చెక్ దేశం నుంచి వచ్చిన ఒక పిల్లకి దించాడట. ఇప్పుడు ఎవరికుందో తెలియదు."

"ఇప్పుడు మళ్లీ పొడుగువాడే," అని గొణిగాడు బావ. "డెన్మార్కువాడు. మంచి కుర్రాడు. కోటు లేదు వాడికి."

మా అక్క లేచి, కింగా చేతిలోని సూపు గిన్నె పక్కకు పెట్టి, ఆ పిల్ల వేలు పట్టుకుని దీపం కిందికి లాగింది. తాడు పేనినట్టు మెలిక తిరిగిన సన్నటి ఉంగరం.

"ఇది నా రెండో ఉంగరం!"

కింగా బెదిరిపోయింది. "మా పెళ్లికి… ఈయనే… ఇంట్లో ఖాళీగా ఉందన్నారు…"

బావ బల్ల కిందికి దూరిపోయేలా కుంచించుకుపోయాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమయ్యా! గొడుగులు?"

"వానలో వచ్చిన వాళ్లుంటారు కదే…"

"నాకు పట్టని ఆ బూట్లు?" అన్నాను నేను.

"చెక్ పిల్ల. చిన్న కాళ్లు."

"కళ్లజోడు?"

"గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలాయన. ఆయనకు దగ్గరివి కనబడవు."

"మరి పోయిందని ఎందుకు చెప్పావయ్యా ఇన్నేళ్లూ?"

"ఇచ్చానంటే నువ్వు మొదటిది కూడా ఇచ్చేయమంటావని," అన్నాడు బావ. "నీ మనసు నాకు తెలీదా?"

మా అక్కకు కోపం, నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చి మూడూ గుమ్మంలో ఇరుక్కున్నాయి. చివరికి నవ్వే బయటపడింది. పెళ్లినాడు చర్చిలో నవ్వాల్సిన నవ్వంతా ఆ సాయంత్రం నవ్వింది. కింగా వేలు మళ్లీ ముడిచి, "ఉంచుకోమ్మా. నీకే అందంగా ఉంది," అంది. నాకైతే సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆ రెండో బీరు ఎవరు తాగుతున్నారో నేను చూశాను కానీ, వాళ్లంతా జేబులో చిల్లర లేనివాళ్లేనని చూడలేదు.

వాన్‌హెక గారు గొంతు సవరించుకుని, లోవీ ముందు ఏడాది ఒప్పందం కాగితం పెట్టారు. తన పెన్ను తీసి ఇచ్చారు. వానకు తడిసిన పెన్ను గీకితే గీత పడలేదు. విదిలించారు, ఊదారు, లాభం లేదు.

"ఇంకో పెన్ను ఎవరి దగ్గరైనా ఉందా?" అని అడిగారు.

అందరం బావ వైపు తిరిగాం. బావ మెల్లిగా కోటు విప్పాడు. లోపలి జేబులో పెన్నులు రెండు, కళ్లజోళ్లు రెండు, టోపీ ఒకటి, మడత గొడుగు ఒకటి.

"ఆదివారం ఏదీ ఉండకూడదని చెప్పానా లేదా?" అన్నారు వాన్‌హెక గారు.

"చేతిలో ఉండకూడదన్నారండీ. జేబు సంగతి మీరు చెప్పలేదు," అన్నాడు బావ పెన్ను చాస్తూ. "మార్చండి."

లోవీ సంతకం పెట్టాడు. నేను బావ ముందు రెండు బీర్లు పెట్టాను. ఆయన రెండోది వాన్‌హెక గారి వైపు జరిపాడు. పాపం ఆయన తడిసిన పల్చటి టీము చొక్కాలో పొట్టతో సహా వణికిపోతున్నారు.

అక్క టేబులు తుడుస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "రేపు బజారుకు వెళుతున్నా. నీ రెండో కోటు ఎవరి కొలతకి తెమ్మంటావ్? ఆ డెన్మార్కువాడికేనా?"

బావ వాన్‌హెక గారిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, ఆయన పొట్ట దగ్గర కాసేపు ఆగాడు.

"మూడు తెచ్చెయ్," అన్నాడు. "వాళ్లిద్దరివీ రెండు, ఆ రెండింటికీ కలిపి ఒక రెండోది."